గంగులు బండికి కొత్త బుర్ర

"నువ్వు బిగించింది కొత్తదేనా, పాతదాన్నే తుడిసి తెచ్చినావా?"

మెకానిక్ త్రినాథ్ ఇంకా బైకు స్టాండు కూడా వెయ్యలేదు. గంగులు భార్య లక్ష్మణమ్మ వీధిలోకి ఎదురొచ్చి అడిగేసింది.

"కొత్తదే అత్తా. డబ్బా సీలు నీ ముందే కదా సింపినాను."

"మరైతే మూడో రోజుకే ఎందుకు సచ్చింది?"

త్రినాథ్ బైకు దిగాడు. చేపల వ్యాను ఇంటి ముందు చలనం లేకుండా నిలబడి ఉంది. వెనక ఎనిమిది ట్రేల చందువాలు. ఐసు కరిగిన నీళ్లు తలుపు సందులోంచి ఇసకలోకి కారుతున్నాయి. ఏడున్నరకి విజయనగరం మార్కెట్లో చేపల వేలం పాట మొదలైపోతుంది. అప్పుడే ఆరు దాటింది.

పోయిన వారం ఉప్పునీళ్లు దిగి ఆ వ్యాను ఈసీఎం పాడైపోయింది. ఇంజినుకి ఎప్పుడు ఎంత డీజిల్ అందాలో చెప్పే చిన్న పెట్టె అది. ఊళ్లో అందరూ దాన్ని బండి బుర్ర అంటారు. కొత్తది తెప్పించి, కొత్తవలస నుంచి వచ్చి త్రినాథే స్వయంగా బిగించాడు. ఈ తీరం వెంట ఇరవై వ్యాన్లకి అతనే మెకానిక్. ఇది పాడైందని తెలిస్తే రేపటినుంచి అతన్ని పిలిచేవాడుండడు.

"ఏటైంది మావా?" అని గంగులుని అడిగాడు.

గంగులు అరుగు మీంచి లేచి వ్యాను దాకా వచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేసి తీసేశాడు.

"తాళం తిప్పితే లైటే రానేదురా."

"నిన్న బాగానే తిరిగింది కదా?"

"తిరిగింది." మళ్లీ వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. బీడీ వెలిగించి, రెండు దమ్ములు కూడా లాగకుండానే నలిపేశాడు. "ఇయ్యాలకి అవదేమోలే. రేపు నిదానంగా సూద్దువు."

"రేపటిదాకా సేపలు ఆగుతాయేటి?" అని భార్య కసురుకుంది.

త్రినాథ్ స్కానర్ తగిలించాడు. తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్లీ తగిలించాడు. ఈసీఎం పలకడం లేదు.  ఎడంపక్క సీటు ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు. పెట్టె ఉన్నచోటే ఉంది. దానికి ఉండాల్సిన ప్లగ్గు మాత్రం పక్కన వేలాడుతోంది.

"అత్తా, ఇలా రా. ఇది సూడు."

లక్ష్మణమ్మ వంగి చూసింది.

"నువ్వు సరిగ్గా పెట్టనేదన్నమాట."

"పెట్టినాను. కుదుపులకి ఊడేది కాదిది. ఈ లాకు సేత్తో పైకెత్తితే గానీ రాదు. ఎవురో ఊడదీసినారు."

ఆమె రెండు క్షణాలు ఆ ప్లగ్గునే చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వీధి చివరికి నడిచింది. ఆ చివర ఇల్లు శివాజీది. ఊళ్లో ఉన్న రెండో వ్యాను అతనిదే. బండి మూలపడిన వారమంతా గంగులు సరుకు కూడా అతనే మార్కెట్‌కి వేశాడు.

"ఒసే, ఆగు," అన్నాడు గంగులు వెనకనుంచి. ఆమె వినిపించుకోలేదు.

శివాజీ నోట్లో బ్రష్షుతోనే బయటికొచ్చాడు.

"ఏటి వదినా?"

"నా బండిలో సెయ్యి పెట్టింది నువ్వే కదా?"

"నానా? నానెందుకెడతాను?"

"వారం రోజులు మా సరుకు మోసినావు. మా బండి బాగైపోయేసరికి నీకు నిద్దర పట్టనేదు."

"నా పిల్ల మీద ఒట్టు వదినా, నానటేపే రానేదు."

"ఒట్లు టేసన్లో ఎట్టుకుందువు, పద." అతని చొక్కా కాలరు పట్టేసుకుంది. శివాజీ బ్రష్షు కింద పడింది. అతని భార్య రాణి పరిగెత్తుకొచ్చి మధ్యలో దూరింది. ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. "ఇంత పని సేస్తావనుకోనేదురా," అని ఎవరో ముసలాయన శివాజీని అననే అన్నాడు. శివాజీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అంతలో అవతల వ్యాను స్టార్టయింది. త్రినాథ్ ప్లగ్గు పెట్టి లాకు నొక్కాడు, అంతే. ఇంజిను ఏ తేడా లేకుండా తిరుగుతోంది. అతని ప్రాణం లేచొచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"మావా, రా, ఎక్కు. ఇప్పుడు బయల్దేరినా పాటకి అందిపోతావు."

గంగులు వ్యాను వైపు వెళ్లలేదు. గోడ మీద చెయ్యి వేసుకుంటూ శివాజీ ఇంటి దాకా వచ్చాడు. భార్య చేతిని కాలరు మీంచి విడదీశాడు.

"ఆడ్నొగ్గేయే. ప్లగ్గు తీసింది నానే."

ఆమె అతని వైపు తిరిగింది.

"నీకేటైనా పిచ్చా?" అంది లక్ష్మణమ్మ. "మన బండిని నువ్వే పాడుసేసుకుంటావా?"

"బండి మూలపడిన వారమే నాకు కంటినిండా నిద్దరొచ్చింది. మళ్లీ బాగైపోయింది. ఏటి సెయ్యాలో తెలీక తీసేసినాను." అతను తల దించుకున్నాడు. "ఆర్నెల్లై నాకు సూపు ఆనడం నేదు. అంతా పొగ కమ్మినట్టుంటాది. బతుకెలాగని నీకు సెప్పనేదు. నిన్న సందేల మలుపు కాడ బండికి ఒక ఆడమనిసి అడ్డొచ్చినాది. కనపడనేదు. బ్రేకు తొక్కితే జానెడులో ఆగినాది."

"ఎవురామె?" అని రాణి అడిగింది.

గంగులు భార్య ముఖం ఉందనుకున్న వైపు తల తిప్పాడు.

"నాకూ తెలీనేదే, ఆ మలుపు కాడ నువ్వు నోరెత్తి తిట్టేదాకా."