హారన్ కొట్టని డ్రైవరు

ఆ మిజో డ్రైవరు మళ్ళీ వచ్చాడు. ఇది మూడో సోమవారం.

దర్జీ హరిపద కొట్టు ముందు చెప్పులు విడిచి, మెట్టు మీద ఓ పక్కగా కూర్చున్నాడు. ఒళ్ళో మడత విప్పని నేత దుప్పటి ఉంది. చావు జరిగిన ఇంటికి దుప్పటి పట్టుకెళ్ళి, పక్కన ఊరికే కూర్చోవడం వాళ్ళ మర్యాద. అస్సాంలోని ఈ సిల్చర్‌లో ఆ సంగతి ఎవరికి తెలుసు? సిగ్గులేని మనిషనే అనుకున్నారు.

లోపల కుట్టుమిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. హరిపద తలెత్తలేదు.

అతని భార్య కణిక పోయి నెల కావస్తోంది. ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల, హైవే మీద జరిగింది. మేనకోడలిని చూసి తిరిగొస్తున్నారు. హరిపద ముందు రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు. తమలపాకులు కొంటూ కణిక వెనకబడింది. ఆ తర్వాత జరిగింది మొత్తం కళ్ళారా చూసినవాడు హరిపదే. ఎలా జరిగిందని ఎవరడిగినా నోరు విప్పలేదు. అడిగి అడిగి వీధి వాళ్ళే విసిగి ఊరుకున్నారు.

డ్రైవరు పేరు బియాక్‌థంగా. ఇంట్లో బియాకా అంటారు. మిజోరం కొండల మీది ఐజ్వాల్‌లో ఇరవై ఏళ్ళు టాక్సీ నడిపాడు. ఒక కోడిపిల్లను కూడా గుద్దిన పాపాన పోలేదు. అక్కడ ఎవరైనా హారన్ కొడితే, పాపం ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందేమో అని జనం తిరిగి చూస్తారు. సిల్చర్‌లో కొట్టకపోతే బండి చెడిపోయిందనుకుంటారు. నాలుగు డబ్బులెక్కువ వస్తాయని అతను సిల్చర్ లైను ఎక్కి రెండు నెలలే అయింది.

కణిక పోయిన రోజు నుంచీ అతను స్టీరింగు ముట్టలేదు. సుమో ఇంటి ముందు దుమ్ము పట్టిపోతోంది. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

"పోలీసులే నిన్నేం అనలేదు. నిన్ను నువ్వు ఎన్నాళ్ళు కొట్టుకుంటావు?" అంది భార్య రెమ్‌పుయీ పొద్దున్నే.

"పోలీసులు అక్కడ లేరు. ఆ పెద్దాయన ఉన్నాడు. ఆయన ఒక్క మాటంటే చాలు, తిట్టయినా సరే. అప్పుడు నడుపుతాను."

"అనకపోతే?"

అతను చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఇంకొకరి బండిలో ప్రయాణికుడిగా కూర్చుని ఏడు గంటలు దిగొచ్చాడు. కొండలు దాటి మైదానం రాగానే కళ్ళు మూసుకున్నాడు.

ఎదురుగా మందుల షాపులోంచి నితాయి ఇదంతా చూస్తున్నాడు. రెండు సోమవారాలు ఓర్చుకున్నాడు. ఈసారి గిరాకీని వదిలేసి రోడ్డు దాటి వచ్చాడు.

"ఏంటయ్యా, మళ్ళీ తయారయ్యావు? ఆయన మొహం చూస్తే నీకు జాలి వెయ్యట్లేదా?"

"వేస్తోంది. అందుకే వచ్చాను."

బియాకాకు వాళ్ళ బెంగాలీ అంతంతమాత్రం. మాట మాటకీ వెతుక్కుంటున్నాడు. నలుగురు పోగయ్యారు.

"సూటిగా చెప్పు. మా వదిన నీ వల్లే పోయిందా, కాదా?"

"నా వల్లే."

"విన్నారా? ఎంత తాపీగా చెబుతున్నాడో! హారనైనా కొట్టావా?"

"కొట్టలేదు."

"ఎందుకు కొట్టలేదు?"

"ఆడమనిషి, పెద్దావిడ. మా ఊళ్ళో అలా కొట్టరు. మా ఊళ్ళో ఎలా నడుపుతానో అలాగే నడిపాను. అదే తప్పు."

"కొండల మీంచి దిగొచ్చి మా రోడ్ల మీద పడతారు! ఇక్కడ బండి నడపడం రాకపోతే రావడం దేనికి?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఆస్పత్రికి ఇతనే తీసుకెళ్ళాడట కదా" అని ఒక ముసలాయన నసిగాడు.

"చంపినవాడే మోసుకెళితే పుణ్యాత్ముడైపోతాడా?" నితాయి గయ్యిమన్నాడు. కణిక చేతి వంట తిని పెరిగినవాడు. మాట పూర్తయ్యేలోపే ఏడుపొచ్చింది. ఆ ఏడుపే కోపమైంది. బియాకా కాలరు పట్టుకుని మెట్టు మీంచి లాగాడు. దుప్పటి మట్టిలో పడింది. బియాకా చెయ్యెత్తలేదు. కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టు కూడా కనిపించాడు. ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు కొడుతున్నారు కదా అనుకున్నాడు.

మిషను ఆగిపోయింది.

"వదులు, నితాయీ" అన్నాడు హరిపద గుమ్మంలో నిలబడి. నెల్లాళ్ళుగా సరిగ్గా వాడని గొంతు.

"వదలాలా? ఇతనేం చేశాడో నువ్వు కళ్ళారా చూశావు కదన్నా!"

"చూశాను. అందుకే ఇతని మొహం చూడలేకపోయాను. తిడదామంటే నోరు రాలేదు, దణ్ణం పెడదామంటే చెయ్యి రాలేదు."

హరిపద మెల్లగా దిగొచ్చి, నితాయి చెయ్యి విడిపించి, బియాకాను మెట్టు మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేశాడు. బియాకా తల దించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ఆగని రోడ్లన్నీ మీ వదిన తన జాగ్రత్తలో తను దాటింది నితాయీ, ఆ రోజు ఇతనొక్కడు బండి ఆపి, 'దాటమ్మా' అని చెయ్యి ఊపేసరికి మురిసిపోయి, ఏ పక్కకీ చూడకుండా నవ్వుకుంటూ అడుగేసింది, ఇతని బండిని తప్పించుకుని దూసుకొచ్చిన లారీ మాత్రం ఆగలేదు."