ఏడో ప్రశ్న

పట్టపగలు పదిగంటలకి, చేతిలో పెద్ద టార్చిలైటు పట్టుకుని ఒక ముసలాయన పోలీస్ స్టేషన్‌లోకి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, మా స్టేషన్ అంత చీకటిగా ఉందా?" అన్నాడు రైటర్.

స్టేషన్లో రాతకోతలన్నీ రైటర్‌వే. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ముసలాయన కూడా మర్యాదకి కాస్త నవ్వాడు.

"కారు సంగతయ్యా. ఒక్కసారి పక్కకొస్తే చెబుతాను."

కారు అనగానే రైటర్‌కి ఒళ్లు మండింది. ఊళ్లో ఈ ఏడాది అరవై ఒక్క కార్లు పోయాయి. ఒక్కటీ దొరకలేదు. దొంగతనాలు ఆపడానికి కెమెరాలూ అవీ కొనుక్కోమని పైనుంచి గ్రాంట్ ఇస్తారట. శుక్రవారం సాయంత్రంలోగా దరఖాస్తు పంపాలి. ఫారం పద్నాలుగు పేజీలు. ఇవాళ బుధవారం.

"చూడు పెద్దాయనా, లెక్క అరవై ఒకటి దగ్గర ముగించేశాం. ఇప్పుడు నీ కారు కలిపితే పద్నాలుగు పేజీలూ మళ్లీ టైపు కొట్టాలి. సోమవారం రా. సోమవారమే పోయిందనుకో, నీ సొమ్మేం పోయింది?"

"నాది కాదయ్యా..."

"నీది కాకపోతే ఓనర్ని పంపించు. ఓనర్ లేకుండా కంప్లైంట్ తీసుకోం."

ముసలాయన చుట్టూ కూర్చున్న జనాన్ని చూశాడు. ఏదో అనబోయి మింగేసి, మూల బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి కూర్చున్నచోటే కునుకు తీశాడు.

రైటర్ ఫోన్ మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, ఏమైనా తెలిసిందా?"

ఆ అరవై ఒకటిలో ఆఖరిది చెల్లెలి మొగుడి టాక్సీ. వాళ్లకి అన్నం పెట్టేది అదొక్కటే.

"ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి, యూనిఫాం వేసుకుని వరండాలో కూర్చుంటున్నారన్నయ్యా. చూడలేకపోతున్నాను. నువ్వు పోలీసువి అయ్యుండి కూడా..."

"ఈ గ్రాంట్ రానీ అమ్మా. కెమెరాలొస్తాయి. బావ కారు ఎక్కడున్నా దొరుకుతుంది."

ఆ మాట చెల్లెలు నమ్మిందో లేదో గానీ, రైటర్ మాత్రం గట్టిగా నమ్మాడు. నమ్మడం తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేదు.

గురువారం ముసలాయన మళ్లీ వచ్చాడు.

"ఓనర్ ఏడీ?"

"ఓనర్ ఎవరో నాకు తెలీదయ్యా. ఒక్క నిమిషం వింటే..."

"ఓనర్ లేని బండయితే ట్రాఫిక్ వాళ్ల దగ్గరికి వెళ్లు. ఇక్కడ కాదు."

శుక్రవారం కూడా వచ్చాడు.

"వాళ్లు మళ్లీ ఇక్కడికే పొమ్మన్నారయ్యా."

"కూర్చో, కూర్చో."

అప్పటికి రైటర్ ఏడో ప్రశ్న దగ్గరున్నాడు. 'దొంగతనాల గురించి ప్రజల నుంచి సమాచారం అందుతోందా? అందకపోతే కారణాలు రాయండి.'

"ఇక్కడ గట్టిగా దట్టించవోయ్," అన్నాడు ఎస్సై. "జనం చెప్పకపోబట్టే కదా మనం కెమెరాలు అడుగుతున్నది!"

రైటర్ సరైన మాట కోసం తలెత్తాడు. ఎదురుగా బెంచీ మీద, ఒళ్లో టార్చి పెట్టుకుని, ముసలాయన ఆయన్నే చూస్తున్నాడు.

మాట దొరికింది. టకటకా కొట్టాడు. 'ఎన్నిసార్లు కోరినా ప్రజల్లో ఒక్కరూ ముందుకు రావడం లేదు. నోరు విప్పడం లేదు.'

ముసలాయన లేచి దగ్గరికొచ్చాడు. "అయ్యా, ఇవాళ కాకపోతే ఇంక..."

"మాకూ ఇవాళే ఆఖరు! కూర్చోమన్నానా?"

ఐదింటికి దరఖాస్తు వెళ్లింది. రైటర్ ఒళ్లు విరుచుకుని చూస్తే బెంచీ ఖాళీగా ఉంది.

నెల తిరిగేసరికి గ్రాంట్ మంజూరైంది.

"ఏడో ప్రశ్నకి నువ్వు రాసింది వాళ్లకి బాగా నచ్చిందటోయ్!" అని ఎస్సై భుజం తట్టాడు.

ఆ మధ్యాహ్నమే ఊరి చివర షెడ్డు ఓనర్ ఫోన్ చేశాడు. అద్దెకున్నవాళ్లు కనపడక తాళం పగలగొడితే, లోపల కార్లు విప్పిన జాడలు కనిపించాయట. ఎస్సై, రైటర్ పరుగున వెళ్లారు.

పెద్ద షెడ్డు. లోపల కారన్నది లేదు. నేలంతా ఆయిల్ మరకలు. మూలనున్న గోనెసంచి బోర్లిస్తే నంబర్ ప్లేట్లు గలగలా పడ్డాయి.

ఒక ప్లేటు అంచున బుల్లి నక్షత్రం స్టిక్కర్ ఉంది. మేనకోడలు అంటించింది. రైటర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. చెల్లెలే అయ్యుంటుంది. తీయలేదు.

"కాపలా ఎవరూ లేరా?" అడిగాడు ఎస్సై.

"వాచ్‌మన్ ఉండేవాడు సార్. నెల కిందట ఒక శనివారం నుంచి వాడూ కనపడలేదు," అన్నాడు ఓనర్.

రైటర్ మనసులో తేదీలు లెక్కేశాడు. దరఖాస్తు పంపిన మర్నాడు.

"ఇంకేముంది, వాడూ దొంగే!" అని ఎస్సై, చూడ్డానికొచ్చి గుమ్మంలో నిలబడ్డ రోడ్డవతల పంక్చర్ షాపు ఆవిడ మీదికి తిరిగాడు. "కళ్లెదుట ఇన్ని కార్లు వస్తుంటే మాకు ఒక్కరూ చెప్పరేం?"

ఆవిడ విస్తుపోయింది.

"చెప్పకపోవడమేంటి సార్! రాత్రి డ్యూటీ దిగి, టార్చయినా ఇంట్లో పెట్టకుండా, ఆ వాచ్‌మన్ మూడు రోజులు మీ స్టేషన్‌కే వచ్చాడు కదా, మీకన్నీ తెలుసనే మేం ఊరుకున్నాం."