ఎత్తని పాదం

"ముట్టుకోకండి!" చికిత్స బల్లమీద కూర్చున్న డ్రైవరు అది అదిరేలా అరిచాడు.

"నేనింకా గుమ్మం దగ్గరే ఉన్నానండీ," అంది థెరపిస్టు, చేతులు తుడుచుకుంటూ.

పక్కన కుర్చీలో ఉన్న అతని భార్య తల పట్టుకుంది. "చూశారా డాక్టరమ్మా! ఇంట్లోనూ ఇదే తంతు. దుప్పటి అంచు తగిలినా వీధి చివరికి వినిపించేలా కేక. నేనేదో మొగుణ్ణి చితకబాదుతున్నానని పక్కవాటావాళ్ళు రెండుసార్లు పోలీసుల్ని పిలిచారు."

"నేను డాక్టర్ని కాదమ్మా."

"డాక్టర్లంతా అయిపోయాకే కదా మీ దగ్గరికొచ్చాం!"

నిజమే. రెండేళ్ళలో ఆ ఎడమకాలిని చూడని డాక్టరు లేడు, అది దూరని యంత్రం లేదు. తీసిన ఫొటోలన్నీ అంటిస్తే ఇంటి గోడలకు ఇక రంగు వేయించక్కర్లేదు. ఎముక బాగుంది, నరం బాగుంది, కండ బాగుంది. ఒక్క కాలే బాగాలేదు. తుంటి నుంచి బొటనవేలిదాకా ఎవరో లోపల కూర్చుని తాడు మెలిపెడుతున్నట్టు నొప్పి.

అది మొదలైంది బస్సు ప్రమాదం నాడు. దిగుడు రోడ్డులో బస్సు ఆగకుండా వెళ్ళి గోడను గుద్దుకుంది. పదకొండు మంది ఆస్పత్రి పాలయ్యారు. బస్సు ముందుభాగం నుజ్జునుజ్జు కావడంతో చూసి తేల్చేందుకు ఏమీ మిగల్లేదు, డ్రైవరు మాట తప్ప. బ్రేకు పడలేదన్నాడు. ఆ ఉదయం బ్రేకులు సరిచూసి పంపిన మెకానిక్ ఉద్యోగం ఊడింది.

ఆ మెకానిక్ ఎవరో కాదు, డ్రైవరు భార్యకు స్వయానా తమ్ముడు. "నా చేత్తో చూశాను బావా, బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని అప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. అక్క గడప తొక్కనివ్వలేదు.

"రేపే చివరి విచారణ," అంది ఆమె. "ఆ రోజు సంగతి ఎత్తితే చాలు, ఈయన కాలు కొయ్యబారిపోయి నిలబడ్డచోటే కూలిపోతున్నాడు. రెండుసార్లు వాయిదా పడింది. రేపు సాక్ష్యం చెబితే ఈయన ఉద్యోగం ఈయనకి, మా తమ్ముడికి జైలు. చెప్పకపోతే ఈయన పనీ పోతుంది."

"తమ్ముడికి జైలంటే..."

"పడనీ! మనుషుల ప్రాణాలతో ఆటలా?" అంది గానీ, చీర చెంగు కళ్ళదాకా వెళ్ళింది.

థెరపిస్టు డ్రైవరు వైపు తిరిగింది. "ఆ రోజు మీ కాలు మొదలుపెట్టిన పనేదో సగంలో ఆగిపోయింది. మీరు మరిచిపోయినా అది మరవదు. దాన్ని పూర్తి చెయ్యనిద్దాం. వెల్లకిలా పడుకోండి."

నొప్పి ఉన్న అరికాలికి ఒక దిండు ఆనించి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆమె బల్ల చివర మోకాళ్ళమీద కూర్చుంది.

"ఊపిరి మెల్లగా వదలండి. వీపు కింద బల్ల తెలుస్తోందా?"

"తెలుస్తోంది. చచ్చేంత భయంగా ఉందని కూడా తెలుస్తోంది."

"భయం ఒంట్లో ఎక్కడుంది?"

"ఎక్కడ లేదో అడగండి, తొందరగా చెప్పేస్తాను."

ఆమె నవ్వలేదు. "కళ్ళు మూసుకోండి. ఇప్పుడెక్కడున్నారు?"

డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

"దిగుడులో... పక్కసందులోంచి లారీ వెనక్కొస్తోంది. చూసుకోవట్లేదు వాడు!"

"ఏం వినిపిస్తోంది?"

"ఇంజను. గొంతు చించుకుని అరుస్తోంది. వెనక జనం అరుస్తున్నారు. బస్సు జారిపోతోంది... అమ్మో, ఆగట్లేదు!"

నుదుటి చెమట చెవుల్లోకి కారింది. భార్య కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కాలు ఏం చెయ్యాలనుకుంటోంది?"

"తొక్కాలి!"

"తొక్కండి. నేను పట్టుకున్నాను."

తొక్కాడు. దిండుతో సహా థెరపిస్టు జానెడు వెనక్కి జారింది. పళ్ళు బిగించి మళ్ళీ ముందుకొచ్చింది. కాలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఆమె రెండో పాదాన్ని వేలితో తాకింది.

"మరి ఇది?"

"అది కదలదు... ఎక్కడుందో అక్కడే బిగుసుకుపోయింది."

"దాన్నలా వదిలెయ్యండి. తొక్కే కాలితోనే ఉండండి. ఇంకా... ఇంకా... ఆగింది. బస్సు ఆగిపోయింది. అందరూ దిగిపోయారు. ఇప్పుడు మెల్లగా పాదం ఎత్తండి."

పాదం లేచింది. వణుకు తుంటి నుంచి కిందికి అలలా దిగి, వేళ్ళ చివర ఆగిపోయింది. డ్రైవరు కళ్ళు తెరిచాడు.

భార్య భయం భయంగా వచ్చి, పిక్కమీద ఒక వేలు ఆనించింది. కేక రాలేదు. అరచెయ్యి మొత్తం ఆనించింది. ఊహూఁ.

"ఏమండీ, ఒక్కసారి అరవండి! ఇలా ఉంటే నాకు భయమేస్తోంది!" అని ఏడుస్తూ నవ్వింది.

"ఆ రోజు తొక్కిన కాలిని రెండేళ్ళుగా ఎత్తలేదమ్మా, అదీ సంగతి," అంది థెరపిస్టు భుజాలు రుద్దుకుంటూ. "నాకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. కానీ బ్రేకు తొక్కడమంటే ఏంటో ఇవాళ నా భుజాలకు తెలిసింది."

"నాకు సైకిలూ రాదు," అంది భార్య. "ఏమండీ, రేపు ఇదే చెప్పండి. ఈ కాలితో ఎంత గట్టిగా తొక్కారో మా తమ్ముడి మొహం మీదే చెప్పండి. అప్పుడైనా వాడు తప్పు ఒప్పుకుంటాడు."

డ్రైవరు లేచి కూర్చున్నాడు. తేలిగ్గా వేలాడుతున్న ఎడమ పాదం వంక చూశాడు. తర్వాత చాలాసేపు కుడి పాదం వంక చూశాడు. రెండు చేతులూ బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"మళ్ళీ నొప్పా?"

"లేదు."

"మరెందుకండీ అలా వణికిపోతున్నారు?"

బస్సులో ఎడమకాలి కింద ఉండేది క్లచ్చు. బ్రేకు ఉండేది కుడికాలి కింద.