తడి ఆరకముందే

"ఏమండీ, ఇంటికి పోదాం," అని నళిని మూడోసారి గొణిగింది.

"ఉండవే! ఏడాదిన్నర పడ్డ కష్టం. ఆంజెలో గారి సంగతి తేలే వేళ ఇది," అన్నాడు శ్యామ్‌సుందర్.

న్యూజెర్సీ మొక్కజొన్న చేల పక్కన, వాళ్ళింటికి ఎదురుగా ఉన్న బుల్లి చర్చి అది. కూలగొట్టి కార్లు పెట్టుకుందామని 1982లోనే చర్చి పెద్దలు తీర్మానించారు. ఎనభై ఏళ్ళ ఆంజెలో ఒప్పుకోలేదు. ఐదొందల ఏళ్ళనాటి ఇటలీ చిత్రకారుల్లా, గోడకి ఏ రోజుకారోజు సున్నం మెత్తి, తడి ఆరకముందే రంగులద్ది, మేరీమాతని నిలబెట్టాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన ప్రొఫెసరు మెచ్చితే చర్చి ఉంటుంది. మెచ్చకపోతే సోమవారం బుల్‌డోజర్ వస్తుంది.

ముసలాయనంటే శ్యామ్‌సుందర్‌కి ఇష్టమే. కాస్త గుర్రు కూడా ఉంది. శుక్రవారాలు ఆయనకి ఇడ్లీలు పట్టుకుని చర్చికి వెళ్ళిన నళిని పొద్దుగూకితే గాని రాదు. పిస్కాటవే ల్యాబ్ నుంచి తను ఇల్లు చేరేసరికి చల్లారిన చారు. రెండు శుక్రవారాలుగా గుమ్మంలో ముగ్గు కూడా లేదు.

"పిండి అయిపోయిందండీ," అంది అడిగితే.

ప్రొఫెసరు సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు గోడని చూశాడు.

"మొహం ఫరవాలేదు. చేతులు కొయ్యముక్కలు. ఆకాశం అతుకులేసినట్టుంది."

ఆంజెలో చేతిలో కప్పు వణికి కాఫీ చొక్కా మీద ఒలికింది. నళిని తలొంచుకుంది.

ప్రొఫెసరు వెళ్ళబోతూ మేరీమాత వస్త్రం అంచు దగ్గర ఆగాడు. వంగాడు. మోకాళ్ళ మీద కూచున్నాడు.

"అమ్మో! ఇంత పొడుగు గీత, ఎక్కడా తెగలేదు! మెలికలు తిరిగి తిరిగి మొదలైన చోటికే వచ్చింది. చెరిపి దిద్దడానికి వీల్లేని సున్నం మీద! ఇది ఈ దేశంలో నేర్చిన చెయ్యి కాదు. ఈ గోడ ముట్టుకుంటే ఊరుకోను!"

జనం టోపీలు ఎగరేశారు. ఫాదరు గంట మోగించడానికి పరుగెత్తాడు.

"అయితే మీ చెయ్యి ఇలా వణుకుతోందేం?" అన్నాడు ప్రొఫెసరు.

ఆంజెలో కన్ను గీటాడు. "శుక్రవారాలు వణకదు."

శ్యామ్‌సుందర్ నవ్వబోయి ఆగాడు. నళిని వేళ్ళు పైటకొంగులో దాచుకుంటోంది. అతను అంచుకేసి మళ్ళీ చూశాడు.

తన గుమ్మంలో లేని ముగ్గు అక్కడుంది.