కొంగుకంటిన రంగు

“ఇది వంటింటి పసుపు కాదత్తయ్యా. పసుపైతే సబ్బు రుద్దగానే ఎర్రబడేది. ఇది మిఠాయి రంగు!”

క్రిస్టినా అత్తగారి తెల్లచీర కొంగు పట్టుకుని కుళాయి దగ్గర నిలబడింది. నిన్న, నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారమని రాజమ్మ కట్టుకెళ్లిన చీర అది. కొంగు అంచున రూపాయి బిళ్లంత మరక, సబ్బు నురగలో కూడా పసుపుపచ్చగానే ఉంది.

“ఎక్కడంటిందో నాకేం తెలుసమ్మా? నిన్న పొద్దున పిల్ల మూతి తుడిచా, చేతులు తుడిచా...”

“అదే నేనడిగేది. ఏం తిన్న మూతి తుడిచారు?”

రాజమ్మ కొంగు అందుకుని మరకను వెలుగుకి పట్టి చూసింది.

ఆరేళ్ల బ్లెస్సీకి కొన్నాళ్లుగా ఒళ్లంతా దద్దుర్లు. బాపట్లలో డాక్టరుకి చూపిస్తే చిప్సు, జెల్లీలు, రంగు మిఠాయిలు మానిపించమన్నాడు. “వాటిల్లో వేసే పసుపు రంగు నిషేధమేం కాదమ్మా. ఇంతకు మించి వేయకూడదని, వేసింది ప్యాకెట్ మీద రాయాలని రూలుంది. కాకపోతే కొందరు పిల్లలకి కాస్తంత కూడా పడదు” అని, దురద తగ్గడానికి సిరప్పు రాసిచ్చాడు.

ఆ రోజునుంచి క్రిస్టినా వంటింటి మీద పడింది. ప్రతి ప్యాకెట్టూ తిప్పి చదివింది. కస్టర్డ్ పొడి, సాసు, జాము, పుట్టినరోజుకని దాచిన చాక్లెట్లు, అన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. పాపం, బ్లెస్సీకి మిగిలిన తీపల్లా ఆ సిరప్పే. చెంచా కనిపిస్తే చాలు, పిచ్చుకపిల్లలా నోరు తెరిచేది.

అయినా దద్దుర్లు తగ్గలేదు.

“మొన్న తెనాలి పెళ్లినుంచి లడ్డూలు తెచ్చారా, లేదా?”

“తెచ్చా. వీధి చివర అంకమ్మ మనవలకి పంచేశా. మన బిడ్డ కంట పడనివ్వలేదు. ప్రభువు సాక్షి!”

“మిమ్మల్ని నమ్మి బిడ్డని వదిలి, బడికెళ్లి ఊళ్లో పిల్లలకి పాఠాలు చెబుతున్నా. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను?”

“రెండు పూటలా దాని నోట్లో మందు పోసేది నేనే, విషం పెట్టేదీ నేనేనా? పురిటిగుడ్డుగా ఉన్నప్పట్నించీ ఈ చేతుల్లో పెరిగిందే అది!” రాజమ్మ కొడుకు వైపు తిరిగింది. “నువ్వైనా చెప్పరా!”

శాలేమురాజు తలొంచుకున్నాడు. “ముద్దుకొద్దీ ఒకటి పెట్టుంటావులే అమ్మా. పెట్టానని ఒప్పుకో, అయిపోద్ది.”

కోడలి మాటకు రాని కన్నీళ్లు కొడుకు మాటకు వచ్చాయి. “కన్నకొడుకువి, నువ్వూ నమ్మలేదన్నమాట” అంది రాజమ్మ. తడిచీర అక్కడే వదిలేసి, సంచి సర్దుకుని, రేపల్లెలో కూతురింటికని బస్సెక్కింది. “నానమ్మా!” అంటూ బ్లెస్సీ వీధి మలుపు దాకా పరిగెత్తింది. ముసలామె వెనక్కి చూడలేదు.

క్రిస్టినా బడికి సెలవు పెట్టింది. వండటం, తినిపించడం, మందు పట్టడం అన్నీ తనే చేసింది. సీసా అయిపోతే ఇంకోటి తెప్పించింది. దద్దుర్లు తగ్గకపోగా వీపంతా పాకాయి.

“మనం ఏం పెట్టట్లేదుగా, ఇంకా ఎందుకు?” అన్నాడు శాలేమురాజు.

“మీ అమ్మ పెట్టింది ఇంకా ఒంట్లోంచి పోలేదు. నేను పూట తప్పకుండా మందు పడుతున్నా కాబట్టి ఈమాత్రమన్నా ఉంది!”

అతను తల్లికి ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

మళ్లీ సంస్కారపు ఆదివారం వచ్చింది. క్రిస్టినా తెల్లచీర కట్టుకుంది. చర్చి గంట వినబడుతుంటే గబగబా బ్లెస్సీకి మందు పట్టింది.

“ఇంకొంచెం అమ్మా” అంటూ పిల్ల చెంచా నాకింది. పెదవి చివర కారిన చుక్కను క్రిస్టినా కొంగుతో తుడిచి, చెయ్యి పట్టుకుని గడప దాటబోయింది.

కొంగు అంచున రూపాయి బిళ్లంత పసుపుపచ్చని మరక.

పిల్ల చెయ్యి వదిలేసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. సబ్బు రుద్దింది. కడిగి, మళ్లీ రుద్దింది.

మరక ఎర్రబడలేదు.