మంచు బేరం

"పెద్దాయనా, ఈ మంచు అక్రా చేరేదాకా కరక్కుండా ఉంటుందా?" అని అడిగాడు కొత్త మనిషి.

ఘనా దేశంలోని కుమాసిలో చేపల కోల్డ్ స్టోర్ నడిపే అగ్యేకుమ్ అతన్ని ఎగాదిగా చూశాడు. నడకను బట్టే మనిషి ఎంత బేరానికి వచ్చాడో పసిగట్టే వ్యాపారి అతను.

ఎంత పెట్టెకు అని అడిగాడు. ఆరడుగుల పెట్టెకు అన్నాడు ఆ మనిషి.

పెద్ద చేపే అనుకుని అగ్యేకుమ్ స్టూలు జరిపి కూర్చోబెట్టాడు.

ఆ మనిషి సంచిలోంచి జిన్ మద్యం సీసా తీసి రెండు చేతులతో అందించాడు. ఇది చేపల సంగతి కాదని అప్పుడు తెలిసింది. వంశం పెద్దను ఏదైనా కోరడానికి వచ్చినప్పుడే ఆ సీసా వస్తుంది.

అతని పేరు ఎసిల్ఫీ. సముద్రపు ఒడ్డువాడు. పోయినవాళ్ళను గడ్డకట్టే చలిలో దాచే సంస్థ ఒకటి అమెరికాలో ఉందట. ఏనాటికైనా వైద్యం దొరికితే లేపవచ్చని ఆశట. ఇంత దూరాన ఉన్నవాళ్ళకు మంచు, పెట్టె, విమానం, కాగితాలు ఎవరో ఒకరు చూసిపెట్టాలి. ఆ పని తాను చూస్తున్నానన్నాడు.

చూపించిన కాగితం మీద సంతకం సెర్వాది.

సెర్వా అగ్యేకుమ్ మేనకోడలు. ఇరవై ఆరేళ్ళు. నెత్తురు జబ్బు. ఈ ఏడు దాటదని డాక్టర్లు తేల్చేశారు.

"దాని సంతకం ఉందిగా. ఇక నాతో పనేముంది?"

"మన ఆచారంలో బిడ్డ తల్లి వంశానిదే, శవం మీద హక్కు మేనమామది. మీరు సరే అననిదే ఆస్పత్రి గుమ్మం దాటదు."

"నా చెల్లెలు దీన్ని కని పురిట్లోనే పోయింది. తండ్రన్నవాడు మొహం చూపించలేదు. పెంచింది నేను, మట్టిలో పెట్టేదీ నేనే. నీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే కూతురు."

"అయితే దాన్ని పెట్టుకో పెట్టెలో."

"ఆ పిల్ల మీద నాకు హక్కు లేదు."

అగ్యేకుమ్ నవ్వాడు. ఈ గడ్డ మీద ఏ తండ్రికి ఉంది గనక!

ఎసిల్ఫీ మళ్ళీ వచ్చాడు. మూడోసారీ వచ్చాడు. లాభం లేనిదే ఎవడూ మూడుసార్లు గడప తొక్కడు. ఒక్కో శవానికి నీకెంత ముడుతుందని మొహం మీదే అడిగేశాడు అగ్యేకుమ్. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు.

సెర్వా కూడా బతిమాలింది. "చావంటే భయం లేదు మావయ్యా. చూడాల్సింది ఇంకా మిగిలిపోయింది, అంతే."

చూద్దాంలే అన్నాడు అగ్యేకుమ్. అంగట్లో చూద్దాంలే అంటే లేదనే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆస్పత్రి మంచం మీద ఆమె కళ్ళు తెరిచింది.

"ఆయన వచ్చాడా మావయ్యా?"

ఎసిల్ఫీ పొద్దుటినుంచీ గేటు బయటే ఉన్నాడు, వ్యానులో పెట్టె, పెట్టె నిండా మంచు. లోపలికి రానివ్వవద్దని చెప్పింది అగ్యేకుమే.

"ఇంకా రాలేదమ్మా," అన్నాడు.

ఆమె తలుపు వైపే చూస్తూ ప్రాణం విడిచింది.

ఆరు వారాలు మార్చురీలో ఉంచి, చుట్టాలంతా వచ్చాక ఘనంగా సాగనంపారు. ఎర్రగుడ్డలు, నల్లగుడ్డలు, డప్పులు. వంశం పరువు నిలబడింది.

సాయంత్రాలు మాత్రం గడవలేదు. తిన్నావా మావయ్యా అని రోజూ వచ్చే ఫోన్ ఇక రాదు. అగ్యేకుమ్ స్టోర్ మూసేసి కూడా ఆ ఫోన్ ముందే కూర్చునేవాడు. చూడాల్సింది మిగిలిపోయిందని అందే, అదేమిటో ఎసిల్ఫీకి చెప్పి ఉంటుందనిపించింది. ఆ మాట ఒక్కటి వింటే చాలనిపించింది.

అతని జాడ దొరకలేదు. సెర్వా సామానులో దొరికిన కాగితం నకలు మీదున్న అమెరికా నంబరుకి ఫోన్ చేసి, మీ మనిషి ఎసిల్ఫీ కావాలని అడిగాడు.

ఘనాలో తమకు మనుషులెవరూ లేరంది అవతలి ఆవిడ.

"మరి ఆయనెవరు?"

ఆమె కాసేపు కాగితాలు తిరగేసింది.

"రెండేళ్ళు ప్రతివారం ఫోన్ చేసి, మంచు నింపడం దగ్గర్నుంచి అన్నీ మా దగ్గర నేర్చుకున్నారండీ. సెర్వాకి ఏమవుతారన్న చోట, తండ్రి అని రాశారు."