బొటనవేలి మందం

ఫ్లాష్ కొట్టడానికి వీల్లేదని తాయారమ్మ గుమ్మంలోనే చెప్పేసింది.

"ఏడో నెలలో పుట్టిన పిల్ల. కళ్ళలో మెరుపు కొడతావేటి బాబూ? కొట్టావంటే ఆ కెమెరా ఇక్కడే ఉండిపోద్ది."

తాయారమ్మ అచ్చయ్య తల్లి. ఆ రోజు అచ్చయ్య మనవరాలికి బారసాల. రాయపూర్ వ్యాగన్ రిపేరు షాపులో ఆయన చార్జ్‌మన్, కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి. ఎవరింట్లో శుభకార్యమైనా ఫోటోగ్రాఫరు ఎవరో ఆయనే చెబుతాడు. పదహారేళ్ళుగా ఆయన చెబుతున్న పేరు దుర్గారావు. ఆయన చెప్పడం మానేస్తే స్టూడియో మూసుకోవాలి.

అది 2004 డిసెంబరు. బయట మబ్బు. హాల్లో ఒక కిటికీ, రెండు ట్యూబులైట్లు.

దుర్గారావు సంచిలోంచి యాభై ఎం.ఎం. లెన్సు తీశాడు. వెలుగు లోపలికెళ్ళే కన్నం పూర్తిగా తెరిస్తే ఒకటి పాయింట్ రెండు. ఫ్లాష్ లేకుండా ఆ గదిలో కలర్ ఫిల్మ్ మీద బొమ్మ రావాలంటే అంత వెలుగు లాగే లెన్సే కావాలి. కానీ అలా తెరిచి మూడడుగుల నుంచి తీస్తే బొటనవేలి మందం మాత్రమే స్పష్టంగా వస్తుంది. పిల్ల రెప్ప వస్తే చెవి రాదు. చెవి వస్తే రెప్ప రాదు. ఫోకస్ కంటితో చూస్తూ చేత్తో తిప్పాలి.

అతని భయం అక్కడే.

జూన్‌లో కుడికంటి నడిమధ్య ఒక మచ్చ కనబడింది. శనగగింజంత. దసరాకి రూపాయి బిళ్ళంత అయింది. అప్పటికి ఎడమకంట్లోనూ మొదలైంది. దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతోంది. పక్కన ఉన్నవి కనబడుతున్నాయి కాబట్టి తడుముకోకుండా నడవగలుగుతున్నాడు. డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. వెళితే జబ్బుకి పేరు తెలుస్తుంది. భార్య ఊర్మిళకు చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరకు లాక్కెళుతుంది.

కెమెరా కింద ఒక పురికొస కట్టుకున్నాడు. దానికి మూడడుగుల దగ్గర ముడి వేశాడు. ముడిని ఉయ్యాల పట్టెకు ఆనించి, తాడు బిగిసేదాకా వెనక్కి వంగాలి. లెన్సు మీద మూడడుగుల గుర్తు దగ్గర బ్లేడుతో గాటు పెట్టుకున్నాడు. దాన్ని గోటితో తడిమి ఫోకస్ పెట్టాలి.

"ఆ తాడేటి?" అన్నాడు అచ్చయ్య.

"లెన్సు ఢక్కన్ ఊడి పడిపోకుండా కట్టుకోడానికండీ."

ఊర్మిళ అతని వెనకే నిలబడింది. మెడలో స్పేర్ కెమెరా, భుజాన సంచి. ఆ కెమెరా లెన్సు ఇంత వెలుగు లాగదు. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు ఏళ్ళ తరబడి ఆమే తీస్తోంది. బయటి పనులకు రావడం మాత్రం ఈ వర్షాకాలం నుంచే. ఇంట్లో ఒక్కదానికీ తోచడం లేదంది.

"మీ ఆవిడ నీ వీపుకి అంటుకుపోయిందేటి?" అంది తాయారమ్మ.

"సంచి ఎవరు మోస్తారు మామ్మా?" అంది ఊర్మిళ.

ఆడవాళ్ళు నవ్వారు. దుర్గారావు నవ్వలేదు.

ఉయ్యాల పాట మొదలైంది. పదిమంది గొంతులు ఒకేసారి లేచాయి. అతను ముడి ఆనించి, వెనక్కి వంగి, నొక్కాడు. అప్పుడే పిల్ల తల తిప్పింది. అంగుళం. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ తిప్పింది.

తండ్రి ఉంగరంతో బియ్యంలో పేరు రాశాడు. ఆ చెయ్యి ఉన్నచోట దుర్గారావుకు మచ్చ మాత్రమే కనబడింది. మచ్చను చూసి నొక్కాడు.

రెండు రీళ్ళు అయ్యేసరికి, డిసెంబరులో, అతని చొక్కా తడిసిపోయింది.

రీళ్ళు ఊర్మిళకు ఇచ్చాడు. శంకర్ నగర్‌లో ల్యాబుకు తీసుకెళ్ళేది ఆమే. ప్రింట్లు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అతనికి ముద్ద దిగలేదు. వర్షాకాలం నుంచి చేసిన పనులన్నీ బాగానే వచ్చాయి. అదే అతన్ని మరీ భయపెట్టింది. గజం పురికొస మీద అదృష్టం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఐదో రోజు పొద్దున అచ్చయ్యే స్టూడియోకి వచ్చాడు. ఊర్మిళ ఇచ్చిన కవరు విప్పి ప్రింట్లు బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. దుర్గారావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అచ్చయ్య మొహం ఉండాల్సిన చోట మచ్చ ఉంది. ఆ మొహంలో ఏముందో తెలియలేదు.

"దుర్గారావూ."

"చెప్పండి."

"ఇవెలా తీశావయ్యా? ఏక్‌దమ్ సాఫ్. రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కాస్త చీకటిగా ఉన్నాయనుకో. ఫ్లాష్ లేకుండా ఇంతకన్నా ఏం వస్తుంది? మాఘంలో మా చిన్నోడి పెళ్ళి. నువ్వే తీయాలి. బస్."

ఆయన వెళ్ళాక దుర్గారావు కుర్చీలో కూలబడ్డాడు.

"లెన్సు పూర్తిగా తెరిచే తీశాను. చీకటి ఎందుకొచ్చింది?" అన్నాడు.

"ఆ ట్యూబులైట్లకి వోల్టేజి ఎక్కడుంది? లేవండి, చెయ్యి కడుక్కోండి," అంది ఊర్మిళ.

నాలుగు రోజుల తరవాత ఆ పూట, స్టూడియో వెనకున్న ఇంట్లో, కడుపునిండా తిన్నాడు.

తిన్నాక అతను చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళగానే, బారసాలలో అతను తీసిన రెండు రీళ్ళనూ ఊర్మిళ సంచి అడుగునుంచి తీసి, ల్యాబులో కడిగించకుండానే, మినపప్పు డబ్బాలో వర్షాకాలం నుంచి అతను తీసిన మిగతా పదకొండు రీళ్ళ పక్కన దాచింది.